పొలమూ పనిచోటే

గోస్పాడు చుట్టుపక్కల, కుందూ పరీవాహకంలోని నల్లరేగడిలో, వానాకాలం ముదిరేసరికి పత్తి నడుముదాకా ఎదుగుతుంది. మంచి వానలు పడిన ఏడాది భుజందాకా వస్తుంది. పదహారు లీటర్ల పంపు వీపుకు తగిలించుకున్న మనిషి సాళ్ల మధ్య మందు కొడుతూ, తాను అప్పుడే తడిపిన ఆకుల్లోకే అడుగేస్తూ ముందుకు పోతాడు. తొడలు తడుస్తాయి. ట్యాంకు మూత వదులైతే వీపు కూడా తడుస్తుంది. నాజిల్‌లో నలుసు అడ్డుపడితే విప్పి నోటితో ఊదేవాళ్లు ఇంకా ఉన్నారు. సాయంత్రానికి తలనొప్పి, కళ్ల మంట, కడుపులో తిప్పు. "మందు వాసన పడలేదు" అనుకుని పడుకుంటాడు. మర్నాడు మళ్లీ పంపు ఎత్తుకుంటాడు.

వృత్తి ఆరోగ్యం, భద్రత అనే శాస్త్రం పని వల్ల మనిషి ఒంటికి జరిగే ఇలాంటి చేటునే అధ్యయనం చేస్తుంది. ఆ పేరు వింటే మనకు హెల్మెట్టూ, ఫ్యాక్టరీ గేటూ, సైరనూ గుర్తొస్తాయి. భోపాల్ 1984, విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్ 2020 మే 7 విషవాయు ప్రమాదాలు గుర్తొస్తాయి. గుర్తుండాల్సినవే. అయితే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం పని కారణంగా ప్రపంచంలో ఏటా దాదాపు 29 లక్షల మంది చనిపోతుంటే, అందులో సుమారు 26 లక్షల మంది ప్రాణాలు తీసేది ప్రమాదాలు కావు, జబ్బులు. ఆ జబ్బులు ఏళ్ల తరబడి నెమ్మదిగా పట్టుకుంటాయి, ఏ పత్రికకూ ఎక్కవు. వాటిని వెతికి పట్టుకోవాల్సింది పరిశోధకులే. అందులోనూ ఎక్కువ భారం ఎండీ, ఎమ్మెస్సీ, ఎంటెక్, పీహెచ్‌డీ చేసే విద్యార్థుల మీదే ఉంటుంది. పల్లెదాకా నడిచివచ్చి, కూలీ పక్కన కూర్చుని ప్రశ్నావళి నింపేది చాలాసార్లు వాళ్లే. వాళ్ల పరిశోధన ఏ దారిన వచ్చింది, ఎటు పోతోంది, గోస్పాడు పొలందాకా చేరాలంటే ఇంకేం కావాలి అన్నదే ఈ అధ్యాయం.

రామజ్జినీ అడిగిన ప్రశ్న

ఈ శాస్త్రానికి పునాది వేసినవాడు ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ. మోడెనా పట్టణంలో తన ఇంటి మరుగుగుంట శుభ్రం చేస్తున్న మనిషి అంత హడావిడిగా ఎందుకు పనిచేస్తున్నాడో ఆయనకు అర్థం కాలేదు. అడిగితే, ఎక్కువసేపు లోపల ఉంటే కళ్లు పోతాయని ఆ మనిషి చెప్పాడు. రామజ్జినీ ఊళ్లో ఆ పని చేసేవాళ్లను చూడటం మొదలుపెట్టాడు. చాలామందికి చూపు మందగించింది. అక్కణ్నుంచి కుమ్మరులు, రాతి పనివాళ్లు, మంత్రసానులు ఇలా ఒక్కొక్క వృత్తినీ పరిశీలించి 1700లో వృత్తి రోగాల మీద పుస్తకం ప్రచురించాడు. వైద్యుడు రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి చేర్చమన్నాడు: నువ్వు చేసే పనేమిటి?

మూడు వందల ఏళ్లు దాటాక కూడా మన ఆసుపత్రి చీటీల్లో పేరు, వయసు, ఊరు కనబడినంత తరచుగా ఆ ప్రశ్నకు జవాబు కనబడదు. కనబడినా "కూలీ" అని రాసి ఉంటుంది. నాటు కూలీయా, పత్తి తీసే కూలీయా, రాయి కోసే కూలీయా అన్నది తేలకపోతే ఒంట్లో ఏం చేరిందో, ఏ కీలు అరిగిందో ఊహించడానికి దారే ఉండదు.

మొదటి దశ: జబ్బును లెక్కపెట్టడం

మన దేశంలో ఈ పరిశోధన ఫ్యాక్టరీలోనూ గనిలోనూ మొదలైంది. 1948 ఫ్యాక్టరీల చట్టం కొన్ని జబ్బులను కనబడగానే ప్రభుత్వానికి తెలపాల్సిన జాబితాలో పెట్టింది. సిలికా ధూళితో వచ్చే సిలికోసిస్, పత్తి ధూళితో వచ్చే బిస్సినోసిస్ అందులో ఉన్నాయి. 1966లో అహ్మదాబాద్‌లో మొదలైన పరిశోధన కేంద్రం 1970లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ అయింది. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలకబలపాలు కోసే కార్మికుల మీద ఆ సంస్థ శాస్త్రజ్ఞులు చేసి 1985లో ప్రచురించిన అధ్యయనం ఈ దశకు మంచి ఉదాహరణ. పరీక్షించినవాళ్లలో సగం మందికి పైగా సిలికోసిస్ ఉంది. బడిపిల్లల చేతికొచ్చే బలపం వెనుక ఎన్ని ఊపిరితిత్తులు పాడవుతున్నాయో ఆ లెక్కే దేశానికి చెప్పింది.

బిస్సినోసిస్ కథలో ఇంకో విశేషం ఉంది. ఇంగ్లండులోని లంకాషైర్ నూలు మిల్లుల్లో 1950ల్లో రిచర్డ్ షిల్లింగ్ కార్మికులకు ఛాతీ ఎప్పుడు బిగుసుకుంటోందో అడిగి చూశాడు. ఆదివారం సెలవు తర్వాత సోమవారం పనిలోకి దిగినప్పుడు ఎక్కువ, వారం గడిచేకొద్దీ తక్కువ. జబ్బు ముదిరేకొద్దీ మిగతా రోజులకూ పాకుతుంది. ఎక్స్‌రేలో ప్రత్యేకమైన గుర్తేమీ లేని జబ్బును పట్టించింది ఆ రోజుల వరసే. ఆదోని, నంద్యాల వంటి పత్తి ఊళ్లకు ఇది చాలా దగ్గరి విషయం. కానీ జిన్నింగు పని సీజనుది. నాలుగైదు నెలలు పనిచేసి మిగతా కాలం వేరే పనికి పోయే కూలీకి సోమవారం లక్షణం అంత స్పష్టంగా కనబడకపోవచ్చు. లంకాషైర్ ప్రశ్నావళిని యథాతథంగా తెచ్చి ఇక్కడ అడిగితే జబ్బు ఉన్నా దొరకదు. ప్రశ్నలు ఇక్కడి పని క్యాలెండరును బట్టి రాసుకోవాలి.

రెండో దశ: ఒంట్లోకి ఎంత చేరుతోంది

జబ్బు వచ్చాక లెక్కపెట్టడం ఆలస్యమైన పని. సిలికోసిస్‌కు ఊపిరితిత్తిని మునుపటిలా చేసే మందు లేదు. అందుకే పరిశోధన క్రమంగా జబ్బు నుంచి దాని కారణం వైపు, అంటే కార్మికుడి ముక్కు దగ్గరి గాలిలో ఏముంది, ఎంత ఉంది అన్న వైపు జరిగింది. నడుముకు చిన్న పంపు, చొక్కా కాలరుకు దాని వడపోత తగిలించి పనిగంటలంతా గాలిని వడపోసి, వడపోత కాగితం మీద చేరిన ధూళిని ప్రయోగశాలలో విశ్లేషిస్తారు.

ఆళ్లగడ్డ శిల్పుల వీధిలోనూ, బేతంచెర్ల నాపరాళ్ల పాలిషింగ్ షెడ్లలోనూ ఈ కొలత ఎంత అవసరమో చూడండి. రెండుచోట్లా తెల్లగా దుమ్ము లేస్తుంది. కానీ ఊపిరితిత్తుల చివరి గదులదాకా పోయేది కంటికి కనబడే దుమ్ము కాదు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటే, నాలుగైదు మైక్రాన్లు, అంతకన్నా చిన్న రేణువులే అక్కడికి చేరతాయి. వాటిలోనూ ముఖ్యంగా చూడాల్సింది క్వార్ట్జ్ రూపంలోని సిలికా. నాపరాయి ప్రధానంగా సున్నపురాయి, అందులో క్వార్ట్జ్ ఎంతన్నది పొరను బట్టి మారుతుంది. గ్రానైట్‌లో అది చాలా ఎక్కువ. నల్లరాయిగా అమ్మే డోలరైట్‌లో తక్కువ. కాబట్టి పక్కపక్క షెడ్లలో ఒకే రకం దుమ్ము లేచినా అపాయం ఒకటి కాదు. మన ఫ్యాక్టరీల చట్టం అందుకే ధూళి పరిమితిని అందులోని క్వార్ట్జ్ శాతంతో ముడిపెట్టింది. అమెరికా 2016లో తన పరిమితిని ఘనపు మీటరు గాలికి 0.05 మిల్లీగ్రాములకు కుదించింది. దుమ్ము కనబడగానే భయపెట్టడమూ, రాయి మెత్తనిదే కదా అని ధైర్యం చెప్పడమూ రెండూ తప్పే. కొలవాలి.

కొలత ఒంటి లోపలికి కూడా చేరింది. ఎక్స్‌రేలో మచ్చ కనబడకముందే రక్తంలో ఒక ప్రోటీన్ తగ్గుదలను బట్టి సిలికోసిస్‌ను ముందుగా అనుమానించే పరీక్షను అహ్మదాబాద్ సంస్థ రూపొందించింది. జీవ సూచికలు అనే ఈ దారిలో ఇప్పుడు బయోకెమిస్ట్రీ విద్యార్థులు కూడా వృత్తి ఆరోగ్యంలోకి వస్తున్నారు.

మూడో దశ: పొలంలోకి దిగడం

ఫ్యాక్టరీకి గేటు ఉంటుంది, హాజరు పట్టీ ఉంటుంది, పరిశోధకుడికి మనుషులు ఒకేచోట దొరుకుతారు. పొలంలో ఇవేవీ ఉండవు. నేడు కలుపు, రేపు నాట్లు, ఎల్లుండి పక్క ఊళ్లో పత్తి. ఆ కారణంగానే దేశంలో ఎక్కువ మంది చేసే పని చాలాకాలం తక్కువగా పరిశీలించిన పనిగా మిగిలింది.

తెలుగు నేల మీద ఈ లోటును పూరించిన మంచి ఉదాహరణ ఒక డాక్టరేట్ పరిశోధనే. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయంలో 2006లో సిద్ధాంత గ్రంథం సమర్పించిన ఫ్రాన్సెస్కా మాన్సిని, దక్షిణ భారత పత్తి రైతుల మీద పనిచేశారు. అందులో భాగంగా 2003 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పల్లెల్లో యాభై మంది పత్తి సాగు మహిళలు తమకూ, తమ ఇంటి మగవాళ్లు 47 మందికీ మందు తగిలిన ప్రతిసారీ ఏ బాధ కలిగిందో నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు తేలాయి. వాటిలో 83.6 శాతం సార్లు ఏదో ఒక విష లక్షణం ఉంది. ఆరు శాతం సార్లు నరాల మీద ప్రభావం చాలా తీవ్రంగా ఉంది. అయినా ఒక్కరు కూడా వైద్యం కోసం వెళ్లలేదు. సన్నకారు పేద రైతులకు తీవ్ర లక్షణాలు భూస్వాముల కంటే ఎక్కువసార్లు వచ్చాయి.

ఇందులో రెండు పాఠాలున్నాయి. మొదటిది, ఆసుపత్రి రికార్డులు మాత్రమే చూసే పరిశోధనకు వీళ్లలో ఒక్కరూ కనబడేవారు కారు. రెండోది ఆడవాళ్ల గురించి. "మందు కొడతావా అక్కా?" అని ప్రశ్నావళిలో ఉంటే, "మేమెక్కడ కొడతాం సార్, మొగోళ్లు కొడతారు" అనే జవాబు వస్తుంది. పరిశోధకుడు "లేదు" అని గుర్తు పెట్టుకుని లేచిపోతాడు. కానీ బిందెతో నీళ్లు మోసింది ఆమె, చిక్కటి మందును డ్రమ్ములో పోసి కలిపింది ఆమె, ట్యాంకు నింపింది ఆమె, మందు ఆరకముందే కలుపులోకి దిగిందీ ఆమే. నీళ్లు కలపని మందు చేతిమీద పడితే ఒంట్లోకి చేరేది ఎక్కువ. ఆ అధ్యయనం తేల్చింది కూడా ఇదే: కలిపి పోసే ఆడవాళ్లకు అపాయం, కొట్టే మగవాళ్లకు ఎంత ఉందో అంతే ఉంది.

ఇంతకీ మందు ఒంట్లో ఏం చేస్తుంది? క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటివి ఆర్గానోఫాస్ఫేట్ జాతివి. నరం కొసన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవడం కాలువ తూము ఎత్తినట్టు. కండరం కదిలింది, గ్రంథి స్రవించింది, పని అయ్యాక తూము దించాలి. దించేది కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. ఆర్గానోఫాస్ఫేట్ ఆ ఎంజైమ్‌ను పట్టుకుని పనిచేయనీయదు. తూము తెరిచే ఉండిపోతుంది. నోట్లో ఉమ్మి ఊరుతుంది, కళ్లు నీళ్లు కారతాయి, కంటిపాప సూదిమొనంత అవుతుంది, కండరాలు అదురుతాయి. ఇంకా పెరిగితే ఊపిరి అందదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన కూలీలు, రైతులు 20 మందికి పైగా చనిపోయారు. పురుగుమందుల్లో ఈ జాతివే కాక వేరేవీ అక్కడ వాడారు.

ఈ ఎంజైమ్ రక్తంలో ఎంత చురుగ్గా ఉందో పరీక్షతో తెలుస్తుంది. ఒక చిక్కుంది. ఆరోగ్యవంతుల్లోనే ఇది మనిషికీ మనిషికీ చాలా తేడాగా ఉంటుంది. అందుకే సీజనుకు ముందు ఒకసారి, మధ్యలో మరికొన్నిసార్లు కొలిచి, ఎవరి విలువను వాళ్ల పాత విలువతోనే పోల్చాలి. అమెరికాలోని కాలిఫోర్నియా 1974 నుంచి ఈ పద్ధతి నడుపుతోంది. ఎర్రరక్తకణాల్లోని ఎంజైమ్ మొదటి విలువలో 70 శాతానికి పడిపోతే ఆ కార్మికుణ్ని మందు పని నుంచి తప్పించాలి. మన దగ్గర కూడా 1971 పురుగుమందుల నిబంధనలు ఈ జాతి మందులతో పనిచేసేవాళ్లకు నెలకోసారి ఈ పరీక్ష చేయాలన్నాయి. పంపు అద్దెకిచ్చి, రోజు కూలీకి మనిషిని పిలిచే పొలానికి ఆ నిబంధన చేరలేదు.

నాలుగో దశ: నడుమూ, ఎండా

ఇటీవలి పరిశోధనల్లో రెండు విషయాలు ముందుకొచ్చాయి. ఒకటి ఎర్గనామిక్స్, అంటే పనిని మనిషి ఒంటికి సరిపడేలా మలచే శాస్త్రం. పొలం పనుల్లో దీన్ని మన దగ్గర భుజాన వేసుకున్నవాటిలో వ్యవసాయ విశ్వవిద్యాలయాల గృహవిజ్ఞాన విభాగాలు ఉన్నాయి. నాట్లు వేసే ఆడకూతురు రోజంతా నడుము వంచే ఉంటుంది. ఒక చేతిలో నారు కట్ట, ఇంకో చేత్తో గుచ్చడం, వెనక్కి అడుగు, బురదలోంచి కాలు పీకడం. ఎమ్మెస్సీ విద్యార్థినులు వాళ్ల గుండె వేగాన్ని కొలిచి శ్రమను లెక్కగట్టారు, నొప్పి ఏ కీలులో ఎంత ఉందో ఒంటి బొమ్మ మీద గుర్తు పెట్టించారు. 1996లో మొదలైన అఖిల భారత సమన్వయ పథకం, భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ ఆధ్వర్యంలో, పరికరాలు ఇక్కడి మనుషుల కొలతలకు సరిపోయేలా రూపొందించడానికి దేశమంతటా కొలతలు సేకరించింది.

ఇక్కడా ఒక జాగ్రత్త కావాలి. ఎక్కువ థీసిస్‌లలో కనబడే నార్డిక్ ప్రశ్నావళి 1987 నాటిది. భంగిమకు మార్కులు వేసే రూలా పద్ధతి 1993 నాటిది. రెండూ యూరప్ పనిచోట్లను చూసి తయారైనవి. రూలా ముఖ్యంగా మెడ, భుజం, చేతుల కోసం చేసింది. బురదలో దిగబడ్డ మోకాలికీ, గొంతుక్కూచుని చేసే పనికీ అందులో చోటు తక్కువ. మన పనికి మన కొలబద్ద తయారుచేయడమే ఒక మంచి పీహెచ్‌డీ అవుతుంది.

రెండోది ఎండ. వేసవిలో నంద్యాల ప్రాంతం 45 డిగ్రీలు చూస్తుంది. ప్రపంచ కార్మికుల్లో 70 శాతానికి పైగా, అంటే 240 కోట్ల మంది, ఏటా మితిమీరిన వేడికి గురవుతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో చెప్పింది. ఇక్కడ థర్మామీటరు ఒక్కటే చాలదు. గాలిలో తేమ, సూటిగా పడే ఎండ, గాలి వేగం కలిపి లెక్కగట్టే సూచిక కావాలి. తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మధ్య అమెరికా చెరుకు కోత కూలీల్లో వచ్చిన కిడ్నీ జబ్బుకు వేడిలో కష్టపడి పనిచేయడానికీ సంబంధం ఉందని పరిశోధకులు చూపాక, అక్కడ కొన్ని తోటల్లో నీళ్లు, నీడ, విశ్రాంతి కచ్చితంగా ఇచ్చే ఏర్పాటు చేసి ఫలితాలు కొలిచారు. శ్రీకాకుళం ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. అక్కడ పరిశీలిస్తున్న కారణాల్లో ఎండలో శ్రమ కూడా ఒకటి.

ఎండా, విషమూ మందు కొట్టే పని దగ్గర కలుస్తాయి. తల నుంచి కాలిదాకా కప్పే రక్షణ దుస్తులు చల్లని దేశాల్లో పుట్టినవి. ఇక్కడి ఉక్కలో వాటిని వేసుకుంటే వడదెబ్బ, విప్పేస్తే విషం. చెమట పట్టి తడిసిన చర్మం మందును ఇంకా తేలిగ్గా లాక్కుంటుంది.

థీసిస్ చేతికి అందనివి

ఎండీ చదువు మూడేళ్లు. అందులో సమాచారం సేకరించడానికి చిక్కేది ఏడాదీ ఏడాదిన్నరే. సిలికోసిస్ బయటపడటానికి పదేళ్లూ, పైనా పడుతుంది. అందుకే మన సిద్ధాంత గ్రంథాల్లో ఎక్కువ భాగం ఒకే సమయంలో ఒక్కసారి చూసి రాసినవి. అలా చూసినప్పుడు ఒక మోసం జరుగుతుంది. జబ్బుపడ్డవాడు పని మానేసి ఇంట్లో మంచం మీద ఉంటాడు. పనిచోటకు వెళ్లి లెక్కపెడితే దొరికేది తట్టుకుని నిలబడ్డవాళ్లే. లెక్క చూస్తే ఆ పని అంత చెడ్డదేమీ కాదనిపిస్తుంది. పని మానేసినవాళ్ల ఇళ్లకు కూడా వెళ్లినప్పుడే అసలు సంఖ్య తేలుతుంది.

ఇంకో అలవాటు ఇంతకంటే లోతైనది. జ్ఞానం, వైఖరి, ఆచరణ అనే మూడింటి మీద సర్వేలు మన థీసిస్‌లలో చాలా మామూలు. మాస్కు పెట్టుకోవాలని తెలుసా? పెట్టుకుంటున్నావా? ఎందుకు పెట్టుకోవు? చివర సిఫారసు కూడా సిద్ధంగా ఉంటుంది: అవగాహన కల్పించాలి. ఈ ప్రశ్నలన్నీ పనివాడి తీరును పరీక్షిస్తాయి, పని తీరును ముట్టుకోవు. ఈ శాస్త్రం తనకు తాను పెట్టుకున్న వరస ఇందుకు పూర్తిగా వేరు. మొదట అపాయాన్నే తీసేయాలి, వీలుకాకపోతే తక్కువ అపాయమున్నదానితో మార్చాలి, తర్వాత యంత్రంతో, పరికరంతో అడ్డుకట్ట వేయాలి, ఆ తర్వాత పనివేళలు మార్చాలి. మాస్కూ, గ్లౌజులూ అన్నిటికంటే చివరి మెట్టు. చివరి మెట్టు మీద నిలబడి కూలీని ప్రశ్నించే పరిశోధన, అతనికే తప్పు అంటగట్టి ముగుస్తుంది.

మంచి మార్పు మొదలైంది కూడా. మందే కొట్టకుండా పురుగును అదుపు చేసే పద్ధతులు నేర్చుకున్న రైతుల ఆరోగ్యం ఎలా ఉందో చూసే అధ్యయనాలు మొదటి మెట్టు మీద చేసేవి. మాన్సిని పరిశోధనలోనూ ఇలాంటి పద్ధతులు నేర్పే రైతు పొలం బడుల ప్రభావమే ప్రధానాంశం. కోవిడ్ తర్వాత ఆసుపత్రి సిబ్బంది మీద, పారిశుద్ధ్య కార్మికుల మీద, పని ఒత్తిడి మీద, యాప్‌ల ద్వారా సరుకులు చేరవేసేవాళ్ల మీద పరిశోధన పెరిగింది. 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సురక్షితమైన పని వాతావరణాన్ని కార్మికుల ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. మన దేశంలో 2020లో చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య నియమావళి మాత్రం ప్రధానంగా పదిమందీ, అంతకుమించీ పనిచేసే సంస్థల కోసం రాసింది. నలుగురు కలిసి కలుపుకు పోయే ముఠాకు చట్టం గొడుగు అందనప్పుడు, పరిశోధన అయినా వాళ్ల పక్కన నిలబడాలి.

గోస్పాడుకు తగిన పరిశోధన

ఇందుకు కావలసినవన్నీ చుట్టుపక్కలే ఉన్నాయి. నంద్యాలలో పత్తి మీద దశాబ్దాల అనుభవమున్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. కర్నూలు వైద్య కళాశాల 1956 నుంచీ ఉంది. ఇంజనీరింగ్ కళాశాలలున్నాయి. ఒక్కొక్కరు ఒక్కో ముక్క పట్టుకుంటే ఒక పల్లెను ఐదేళ్లు వదలకుండా చూడవచ్చు. ఒక ఎండీ విద్యార్థి మొదలుపెట్టిన రిజిస్టరును తర్వాతి బ్యాచ్ అందుకుంటే, మూడేళ్ల చదువు పెట్టే ఇబ్బంది తీరుతుంది.

ఏం పరిశీలించాలో పనే చెబుతుంది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలో విత్తనాల కోసం పండించే సీడ్ పత్తి ఉంది. అక్కడ క్రాసింగ్ కూలీలు సాయంత్రం ఆడ చెట్టు మొగ్గల్లోంచి పుప్పొడి తిత్తులను గోటితో తీసేస్తారు, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి కీలాగ్రానికి రుద్దుతారు. నెలల తరబడి ప్రతి మొక్కకూ ముఖం ఆనించి చేసే పని ఇది. ఆ పొలాల్లో పిల్లల చేత పనిచేయించడం గురించి ఉమ్మడి రాష్ట్రంలో రెండు దశాబ్దాలకు ముందే అధ్యయనాలు వచ్చాయి. క్రాసింగ్ కూలీల వేళ్ల మీద, చర్మం మీద మందు ఎంత మిగిలి ఉంటోందో ఇప్పుడు కొలవాలి. డ్రోన్లు వస్తున్నాయి. వీపు మీద పంపు పోవడం మంచిదే. కానీ డ్రోన్ ఎకరాకు పది లీటర్ల చుట్టుపక్కల నీళ్లే వాడుతుంది కాబట్టి కలిపే మందు చిక్కగా ఉంటుంది. ఆ ట్యాంకు నింపే చేతులు ఎవరివి, గాలికి కొట్టుకుపోయిన తుంపర పక్క చేలో కలుపు తీసే ముఠా మీద ఎంత పడుతోంది అన్నవి కొత్త ప్రశ్నలు. వడ్ల మిల్లు దుమ్ము, నూర్పిడి యంత్రంలో నలిగే వేళ్లు, ఎండాకాలం ఉపాధి హామీ పనుల వేళలు, ఇలా ప్రతి ఒక్కటీ ఒక థీసిస్.

పరిశోధకుడు రెండు నియమాలు పెట్టుకుంటే చాలు. అంశాన్ని నిర్ణయించే ముందు ఆ పని చేసే ఆడా మగా కూలీలతో కూర్చుని, మీకు ఎక్కువ బాధ పెడుతున్నదేమిటని అడగాలి. ఫలితం వచ్చాక ఒక్క పేజీలో తెలుగులో రాసి, ఆ ఊళ్లోనే చదివి వినిపించి, కూలీల అభ్యంతరాలను కూడా గ్రంథంలో చేర్చాలి. పీహెచ్‌డీ గ్రంథాలు శోధగంగ వెబ్‌సైటులోనూ, వ్యవసాయ థీసిస్‌లు కృషికోశ్ వెబ్‌సైటులోనూ ఎవరైనా చూసేలా ఉన్నాయి. వైద్య కళాశాలల ఎండీ థీసిస్‌లు చాలావరకు గ్రంథాలయపు అల్మారా దాటవు. వాటిని కూడా బయటికి తేవాలి. ఎవరి రక్తం, ఎవరి ఊపిరి, ఎవరి నడుము నొప్పి ఆ గ్రంథంలో అంకెలయ్యాయో, వాటి ఫలితం మొదట వాళ్లకు అందాలి. మందు కలిపే చేతికి తక్కువ విషం తగిలే పంపు దొరికిన రోజున, పని వేళ మారిన రోజున ఆ పట్టా సార్థకమవుతుంది.